ఫ్రిస్కోలో ఒక చాటు కంచె: కర్ర, గుంజ, మేకు ఎంచుకున్న తీరు

2024 మే 28 ఉదయం డాలస్ పరిసరాలను తాకిన గాలివాన లక్షల ఇళ్లకు కరెంటు లేకుండా చేసింది. ఆ వారమంతా కంచెలు కట్టే నాకు వచ్చిన ఫోన్లు దాదాపుగా అన్నీ కూలిన కంచెల గురించే. వాటిలో ఫ్రిస్కోలోని ఒక తెలుగు కుటుంబం ఇంటి కంచెను ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా వివరించడానికి కారణం ఉంది. సాధారణంగా యజమానులు విరిగిన కంచెను రెండు రోజుల్లో ఎత్తివేయించి కొత్తది కట్టమంటారు. ఈ ఇంటివారు మాత్రం పాత కంచెను నేను పలక పలకగా విప్పి చూసేదాకా ఆగారు. అలా చూసినందువల్లనే కొత్త కంచెలో డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తగ్గించాలో తేల్చుకోగలిగాము.

ఇల్లు 2012లో కట్టినది. ఉత్తరాన పెరటి వెనుక 64 అడుగులు, తూర్పు పడమరల్లో 42 అడుగుల చొప్పున, మొత్తం 148 అడుగుల కంచె. అమెరికా శివారు కాలనీల్లో ప్రైవసీ ఫెన్స్ అనే ఈ చాటు కంచె నిర్మాణం చూడటానికి సులువుగా ఉంటుంది. నేలలో పాతిన గుంజలు, గుంజ నుంచి గుంజకు సాగే అడ్డపట్టీలు, ఆ పట్టీల మీద సందు లేకుండా మేకులతో బిగించిన ఆరడుగుల నిలువు పలకలు, అంతే. పలక వెడల్పు ఐదున్నర అంగుళాలు, మందం 5/8 అంగుళం. పాత కంచెలో గుంజలు రసాయనశుద్ధి చేసిన పైన్ కర్రవి, ఎనిమిది అడుగులకు ఒకటి, రెండడుగుల లోతు, పట్టీలు కూడా పైన్ కర్రవే, పైన ఒకటి, కింద ఒకటి, పలకలు సీడర్‌వి. సీడర్‌ను తెలుగులో దేవదారు అనడం నాకు ఇష్టం లేదు. దేవదారు హిమాలయాల చెట్టు, నిజమైన సీడర్ జాతి. ఇక్కడ కంచెలకు వాడే వెస్టర్న్ రెడ్ సీడర్ థూజా జాతికి చెందినది, పేరులో తప్ప దేవదారుతో దానికి దగ్గరి చుట్టరికం లేదు.

పాత కంచె చెప్పిన సంగతులు

ఉత్తరం వైపున్న తొమ్మిది గుంజల్లో ఐదు విరిగాయి. ఐదూ విరిగినది ఒకే చోట, నేల మట్టానికి అంగుళం అటూ ఇటూగా. విరిగిన ముఖాన్ని చూస్తే చుట్టూ మెత్తగా నల్లబడి, నడుమ పిడికెడు కర్ర మాత్రమే తెల్లగా, గట్టిగా మిగిలి ఉంది. కర్రను తినే శిలీంధ్రానికి తేమా కావాలి, గాలీ కావాలి. నేలకు అడుగు పైన తేమ నిలవదు. బాగా లోతున గాలి ఆడదు. నేల మట్టం దగ్గర రెండూ దొరుకుతాయి. పైగా ఆ గుంజల చుట్టూ పోసిన కాంక్రీటు పైభాగం గిన్నెలా గుంటపడి ఉండటం వల్ల, వాన పడిన ప్రతిసారీ నీళ్లు సరిగ్గా అక్కడే నిలిచాయి.

రెండో సంగతి నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది. గుంజలు నిలిచిన చోట కూడా పలకలు ఊడి పక్కింటి పెరట్లో పడ్డాయి. పట్టీల్లో మిగిలిన మేకులను వేళ్లతో పట్టుకుని లాగితే కొన్ని అలాగే వచ్చేశాయి. అవి ఒంటి మీద గాట్లు లేని నున్నని మేకులు, పైన విద్యుత్ పద్ధతిలో వేసిన పలుచని జింకు పూత. ఇంకొన్ని మేకులు తల దగ్గరా, మొన దగ్గరా బాగానే ఉండి, పలక పట్టీని తాకే చోట మాత్రం సూదిలా సన్నబడ్డాయి. పలకల మీద ప్రతి మేకు కిందా కాటుక కన్నీరు కారినట్టు నల్లని చార ఉంది. ఆ చారలు అందానికి సంబంధించిన లోపం మాత్రమేనని చాలామంది అనుకుంటారు. మేకు కరుగుతోందని కంచె ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాట అది.

గాలి లెక్క

కంచె మీద గాలి బలాన్ని ఎంతో కొంత అంకెల్లో చూడనిదే గుంజను ఎంచుకోకూడదు. గంటకు 70 మైళ్ల గాలి నిలువుగా ఉన్న పలక మీద చదరపు అడుగుకు సుమారు 12.5 పౌండ్ల ఒత్తిడి పెడుతుంది. సందు లేని ఆరడుగుల కంచెలో, గుంజల మధ్య ఎనిమిది అడుగులుంటే, ఒక్కో గుంజ 48 చదరపు అడుగుల తెరచాపను మోస్తుంది, అంటే 600 పౌండ్లు. ఆ బలం నడుమ ఎత్తున, మూడడుగుల దగ్గర పనిచేస్తుంది కనుక నేల మట్టం దగ్గర గుంజను వంచే ప్రభావం, అంటే వంపు, 1,800 అడుగు-పౌండ్లు. మామూలు నాలుగంగుళాల చదరపు గుంజ చిత్రిక పట్టాక నిజానికి మూడున్నర అంగుళాలే ఉంటుంది. ఈ వంపు దానిలో చదరపు అంగుళానికి సుమారు 3,000 పౌండ్ల ఒత్తిడి తెస్తుంది. కొత్తగా, పుచ్చు లేకుండా ఉన్న పైన్ కర్రకైనా అది డిజైన్ పరిమితికి చాలా పైన. పన్నెండేళ్లు నీళ్లలో నానిన గుంజ విరగడంలో ఆశ్చర్యమేమీ లేదు. మిగిలిన నాలుగూ ఎలా నిలిచాయన్నదే ఆశ్చర్యం.

ఉత్తరం వైపు ఇంటి వెనుక కాలనీ వదిలిన ఖాళీ పచ్చిక ఉంది, గాలికి అడ్డు లేదు. అందుకే ఆ వైపు గుంజల దూరాన్ని ఐదడుగుల పది అంగుళాలకు తగ్గించి 11 అంకణాలు చేశాను. పక్కింటి గోడలు కాచే తూర్పు పడమరల్లో ఏడడుగుల చొప్పున ఆరేసి అంకణాలు సరిపోయాయి. తలుపు కోసం వేసినది కలుపుకుని మొత్తం 25 గుంజలు.

గుంజకు కర్ర వద్దని మొదటే నిర్ణయించుకున్నాము. పైపు ఎంపికలోనూ ఒక మెలిక ఉంది. కంచెల పైపు బయటి వ్యాసం 2 3/8 అంగుళాలు. దుకాణంలో పలుచనిదీ, మందమైనదీ పక్కపక్కనే ఉంటాయి, రంగు వేస్తే తేడా కనిపించదు. 0.095 అంగుళాల గోడ ఉన్న పలుచని పైపుకంటే 0.154 అంగుళాల గోడ ఉన్న షెడ్యూల్ 40 పైపు వంపును తట్టుకునే శక్తి ఒకటిన్నర రెట్లు. పాత కంచెలోలా ఎనిమిది అడుగుల దూరం ఉంచి పలుచని పైపు వేస్తే పైన చెప్పిన గాలికే చదరపు అంగుళానికి దాదాపు 58,000 పౌండ్ల ఒత్తిడి వస్తుంది, పైపు వంగిపోతుంది. ఆరడుగులలోపు దూరంలో షెడ్యూల్ 40 వేస్తే ఆ ఒత్తిడి 29,000 దగ్గర ఆగుతుంది. అందుకే 25 గుంజలకూ మందమైన పైపే, లోపలా బయటా వేడి జింకులో ముంచినదే తీసుకున్నాము. పైపు నెత్తిన మూత పెట్టడం మరువకూడదు. లోపలికి నీళ్లు దిగితే పైపు కనిపించని చోట తుప్పు పడుతుంది.

నేల

యజమాని తండ్రిగారు పల్నాడులో వ్యవసాయం చేసిన మనిషి. ఆ వేసవి ఇక్కడికి వచ్చి ఉన్నారు. గుంటలు తీస్తున్నప్పుడు నా పక్కన నిలబడి, తీసిన మట్టిని పిడికిట్లో నలిపి చూసి, “ఇది మన నల్లరేగడే బాబూ. ఎండాకాలం మా చేలో నెర్రెల్లో కర్ర దించితే మోకాటిలోతు పోయేది,” అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. డాలస్ నుంచి ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దిశగా సాగే నల్లమట్టి పట్టీ, దక్కన్ నల్లరేగడి ఒకే కుదురు నేలలు: తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే నెర్రెలు విచ్చుతాయి. “మాకు తాటిమట్టల దడి, తుమ్మకంప ఉండేవి. నేల కదిలినా దడి దానితోపాటే కదిలేది, ఏటా కట్టుకునేవాళ్లం,” అని ఆయన చెప్పినది నాకు బాగా గుర్తుండిపోయింది. దడికి నేలతో పేచీ లేదు, అది వంగుతుంది. వంగని కంచెను ఇదే నేలలో పాతేటప్పుడు నేల కదలికను ముందే లెక్కలోకి తీసుకోవాలి.

గుంటలను మూడడుగుల లోతున, పది అంగుళాల వ్యాసంతో తీశాము. చేతి పని వల్ల గుంట పైభాగం వెడల్పై, పోసిన కాంక్రీటు పుట్టగొడుగు గొడుగులా తయారవుతుంటుంది. ఉబ్బిన మట్టి ఆ గొడుగు అంచును కింద నుంచి పట్టుకుని గుంజను మొత్తంగా పైకి ఎత్తుతుంది. అందుకని గుంట అడుగును కొద్దిగా వెడల్పు చేసి, పై అంచును నిటారుగా చెక్కి, కాంక్రీటును నేలకు కాస్త పైదాకా పోసి, నీళ్లు పక్కకు జారేలా వాలు పెట్టాము. పని మొదలుపెట్టడానికి ముందు 811కు ఫోన్ చేసి భూగర్భ లైన్లకు గుర్తులు పెట్టించాము, టెక్సస్‌లో అది చట్టం విధించిన బాధ్యత. అయితే ఆ గుర్తులు గ్యాసు, కరెంటు వంటి సంస్థల లైన్లకే తప్ప పెరటి స్ప్రింక్లర్ పైపులకు ఉండవు. పడమర వైపు ఒక పైపు మా పార తగిలి పగిలింది, దాన్ని బాగుచేయడానికి ఒక పూట పోయింది.

కర్ర

యజమాని మొదట అడిగినది పలకల గురించే. ఏ సీడర్, ఏ గ్రేడు, ఎంత అందం అని. అది సహజం, కంటికి కనిపించేది పలకే. వెస్టర్న్ రెడ్ సీడర్ చేవలో థూజాప్లిసిన్ల వంటి సహజ రసాయనాలు ఉంటాయి. పుచ్చుకూ, పురుగుకూ ఎదురు నిలిచే గుణం వాటిదే. చేవ చుట్టూ ఉండే లేత తెల్లచెక్కలో ఆ గుణం లేదు. మన వడ్రంగులు ఏ కర్రనైనా మొదట “చేవ ఉందా” అని చూసే అలవాటు ఇక్కడ కూడా అంతే సరిగ్గా పనికొస్తుంది. కట్టలోంచి తీసిన ప్రతి పలకనూ రెండు వైపులా చూసి, అంచున తెల్లని పట్టీ వెడల్పుగా ఉన్నవాటిని పక్కన పెట్టించాను. వాటిని గ్యారేజీలో అరలకు వాడుకున్నారు.

టెక్సస్ దుకాణాల్లో ఇప్పుడు జపాన్ సీడర్ కూడా కంచె పలకగా విరివిగా దొరుకుతుంది. దాన్ని సుగి అంటారు, రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో విస్తారంగా నాటిన తోటల చెట్టు. ధర తక్కువ, ముడులు చిన్నవి, వంకర తక్కువ. కానీ తోట చెట్టులో తెల్లచెక్క పాలు ఎక్కువ, కర్ర మెత్తన. ఎండ ధాటి తక్కువగా ఉండే చోట, క్రమం తప్పకుండా నూనె పట్టించే ఓపిక ఉన్నవారికి అది చెడ్డ ఎంపిక కాదు. ఈ ఇంటికి ఉత్తరం వైపు స్ప్రింక్లర్ నీళ్లు రోజూ కంచెను తడుపుతాయి కనుక రెడ్ సీడర్‌నే ఎంచుకున్నాము. అయితే ముడులు లేని మేలిరకం కోసం యజమాని పక్కన పెట్టిన డబ్బును అడిగి మరీ మేకులకూ, గుంజలకూ మళ్లించాను. బిగుతైన ముడి ఉన్న పలక ముడి లేని పలకంత కాలమూ ఉంటుంది. ప్లాస్టిక్, కాంపోజిట్ పలకల గురించి కూడా మాట్లాడుకున్నాము. వాళ్లకు కర్రే కావాలి, కాలనీ సంఘం నియమాలు కూడా కర్రనే కోరాయి.

పలకలను పక్కపక్కన చేర్చి కొడితే కొన్ని నెలల్లో చాటు పోతుంది. పచ్చిగా వచ్చిన రెడ్ సీడర్ పలక ఆరేకొద్దీ వెడల్పులో కుంచించుకుపోతుంది. ఐదున్నర అంగుళాల పలకకు ఆ తగ్గుదల సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి ఆరో వంతు దాకా ఉంటుంది. సందు లేకుండా కొట్టిన కంచెలో అంత వెడల్పున వెలుగు చీలిక ప్రతి పలకకూ తెరుచుకుంటుంది. అందుకే ఒక వరుస పలకల మీద రెండో వరుసను ఇరువైపులా అంగుళం చొప్పున ఎక్కించి కొట్టాము. పలకలు 395 దాకా అయ్యాయి, ఖర్చు పెరిగింది, బరువూ పెరిగింది. కానీ చాటు కోసమే కట్టే కంచెకు ఇది కాక వేరే దారి లేదని నా అభిప్రాయం.

పట్టీలకు శుద్ధి చేసిన తరువాత మళ్లీ బట్టీలో ఆరబెట్టిన పైన్ కర్రను తీసుకున్నాము. శుద్ధి చేయగానే తడిగా అమ్మే పైన్ చౌక, కానీ ఎండలో బిగించిన వారానికే మెలితిరగడం మొదలుపెట్టి పలకలన్నిటినీ తనతోపాటు తిప్పుతుంది. రెండు పట్టీలకు బదులు మూడు వేశాము. అడుగున, నేలను తాకే చోట, నేల తాకిడికి తగిన స్థాయిలో శుద్ధి చేసిన రెండంగుళాల మందపు అడ్డుపలకను పెట్టి, సీడర్ పలకలను దాని మీద నుంచి మొదలుపెట్టాము. చెదలకూ, గడ్డి కోసే యంత్రం దారానికీ ముందు ఎదురయ్యేది ఆ అడ్డుపలకే. అది పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు.

మేకు

ఇక్కడి నుంచి నేను చెప్పేది నా పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. 395 పలకలు, ఒక్కో పలకకు మూడు పట్టీల మీద రెండేసి చొప్పున ఆరు మేకులు, అంటే దాదాపు 2,400 మేకులు. ప్రతి మేకూ ఒకేసారి రెండు రకాల కర్రల్లో కాపురం ఉంటుంది. తల సీడర్‌లో, మొన రాగి పట్టించిన పైన్‌లో. ఈ రెండు కర్రలూ ఇనుముకు రెండు వేర్వేరు రకాల శత్రువులు.

సీడర్ సహజంగా ఆమ్లగుణం గల కర్ర. పుచ్చును ఆపే ఆ చేవ రసమే తేమ తగిలినప్పుడు ఇనుముతో కలిసి నల్లని పదార్థంగా మారుతుంది. కరక్కాయ రసంలో అన్నభేది కలిపి మనవాళ్లు నల్ల సిరా చేసుకున్నది సరిగ్గా ఈ రసాయన చర్యతోనే. పాత కంచె మీద కారిన చారలు అక్షరాలా సిరాయే. పైన్ సంగతి వేరు. 2003 చివరిదాకా ఇళ్లకు వాడే శుద్ధి కర్రలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు ఉండేది. ఆర్సెనిక్ భయంతో దాన్ని నివాస అవసరాలకు మాన్పించాక వచ్చిన మందుల్లో ఎక్కువ భాగం రాగి మీదే ఆధారపడ్డాయి. పాత మందులో తుప్పును కొంత అదుపులో ఉంచిన క్రోమియం వీటిలో లేదు. కర్ర తడిసినప్పుడు కరిగిన రాగి మేకు మీద పేరుకుంటుంది, అందుకు బదులుగా ముందు జింకు, తరువాత ఇనుము కరిగిపోతాయి. పలకకూ పట్టీకీ నడుమ నీళ్లు ఎక్కువసేపు నిలుస్తాయి కనుక మేకు అక్కడే సన్నబడుతుంది. పాత మేకులు నడుమ సూదిలా మారడానికి కారణం అదే.

ఈ జ్ఞానం నాకు ఉచితంగా రాలేదు. ఈ వృత్తికి వచ్చిన కొత్తలో ఒక ఇంటికి శుద్ధి పైన్ పట్టీల మీద సీడర్ పలకలను, డబ్బా మీద ‘గాల్వనైజ్డ్’ అని ఉన్న మేకులతో కొట్టాను. రెండో చలికాలానికి కంచె అంతా నల్లని చారలు పడింది. యజమానురాలు కోప్పడలేదు, “మీరు చూసి కొన్నారనుకున్నాను” అని మాత్రం అన్నారు. ఆ కంచె పలకలను నా ఖర్చుతో మళ్లీ బిగించాను. డబ్బా మీది ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు వస్తువులు ఉంటాయని అప్పుడు నేర్చుకున్నాను. విద్యుత్ పద్ధతిలో వేసిన జింకు పూత చాలాసార్లు పది మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో నూరో వంతుకు, లోపే ఉంటుంది. కరిగిన జింకులో ముంచి తీసిన మేకుకు, ఏఎస్‌టీఎమ్ అనే ప్రమాణాల సంస్థ రాసిన ఏ153 ప్రమాణం ప్రకారం, చదరపు అడుగుకు ఔన్సు జింకు, అంటే సుమారు 43 మైక్రాన్లు ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. ముంచిన మేకు మసక బూడిద రంగులో గరుకుగా ఉంటుంది, విద్యుత్ పూత మేకు నాణెంలా మెరుస్తుంది. మెరిసేదాన్ని కంచెకు వాడవద్దు.

ముంచిన జింకు మేకు పైన్‌లో చక్కగా పనిచేస్తుంది. సీడర్‌లో మాత్రం తల దగ్గర జింకు ఆమ్లానికి నెమ్మదిగా తరిగి, కొన్నేళ్లకు చార మొదలవుతుంది. సుత్తి దెబ్బకో మేకులు కొట్టే గన్ దెబ్బకో తల మీద పూత చిట్లితే ఇంకా ముందే మొదలవుతుంది. అందుకే ఈ కంచెలో పలకల మేకులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి, 304 రకం. సముద్రపు గాలి తగిలే చోట, గాల్వెస్టన్‌లోనో, మన భీమిలిలోనో అయితే 316 రకం అడిగేవాణ్ణి. ఉప్పుగాలి లేని ఫ్రిస్కోకు 304 చాలు. వీటి ధర ముంచిన జింకు మేకుల కంటే బాగా ఎక్కువ. ముడులు లేని పలకలు మానుకున్నందువల్ల మిగిలిన డబ్బు వీటికి సరిపోయింది.

లోహం ఎంత ముఖ్యమో మేకు ఒంటి ఆకారమూ అంతే ముఖ్యం. కర్ర తడిసి ఉబ్బినప్పుడు నున్నని మేకును కొంచెం పైకి నెడుతుంది, ఆరి ముడుచుకున్నప్పుడు పట్టు వదులుతుంది. ఏడాదికి ఎన్నో సార్లు జరిగే ఈ కదలికలో మేకు వెంట్రుకవాసి చొప్పున బయటికి వస్తుంది. ఒంటి మీద వలయాలుగా గాట్లున్న రింగ్ షాంక్ మేకు అయితే కర్ర పీచు ఆ గాట్లలోకి దిగి పట్టుకుంటుంది. గాలికి వెనుక నుంచి ఊగే పలకకు ఈ పట్టే ప్రాణం. స్క్రూలు వాడవచ్చు కదా అని యజమాని అడిగారు. పట్టు విషయంలో స్క్రూ తక్కువది కాదు. కానీ 2,400 స్క్రూలకు పట్టే సమయం, పలుచని సీడర్ అంచున స్క్రూ తల తెచ్చే చీలిక, ఈ రెండింటి వల్ల స్క్రూలను తలుపుకూ, అడుగు అడ్డుపలకకూ మాత్రమే ఉంచాను.

పొడవులను ఇలా తేల్చాము. కింది వరుస పలకకు ఒకటి ముప్పాతిక అంగుళం మేకు. 5/8 అంగుళం పలక దాటాక పట్టీలోకి అంగుళం పైగా దిగుతుంది. పై వరుసకు 2 3/8 అంగుళాల మేకు, పట్టీ వెనుక మొన బయటపడదు. పై పలక అంచు నుంచి అంగుళంపావు లోపలికి మేకు కొట్టాలని పనివారికి గీత గీసి చూపించాను. పై పలక కింది పలక మీదికి అంగుళం మాత్రమే ఎక్కుతుంది కాబట్టి, ఆ గీత మీద కొట్టిన మేకు కింది పలక అంచును తప్పించుకుని పట్టీలోకి దిగుతుంది. ఒకే మేకు రెండు పలకలనూ గుచ్చితే, అవి ముడుచుకునేటప్పుడు ఒకదాన్నొకటి కదలనివ్వక, ఎక్కడో ఒకచోట చీలుతాయి. గన్ ఒత్తిడిని తగ్గించి, మేకు తల పలక ముఖానికి సమంగా ఆగేలా చూడటం కూడా అంతే అవసరం. మెత్తని సీడర్‌లోకి తల దిగబడిందంటే 5/8 అంగుళంలో కొంత మందాన్ని మనమే కోల్పోయినట్టు, పైగా అక్కడ నీరు నిలిచే గుంట ఏర్పడుతుంది.

పట్టీలను ఇనుప గుంజలకు పట్టించే బిగింపు పట్టీలూ, వాటి బోల్టులూ ముంచిన జింకువే. బిగింపూ, బోల్టూ ఒకే లోహపు కుటుంబం కావాలన్నది నేను ఎక్కడా సడలించని నియమం. చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూ పెద్ద జింకు రేకు మీద ఉంటే పెద్దగా నష్టం లేదు కానీ, పెద్ద స్టెయిన్‌లెస్ రేకుకు చిన్న జింకు బోల్టు వేస్తే ఆ బోల్టు త్వరగా కరిగిపోతుంది.

తలుపు, ఆ తరువాత

తూర్పు వైపు నాలుగడుగుల తలుపు విషయంలో నా అంచనా తప్పింది. కర్ర చట్రం వేసి, కింది కీలు మూల నుంచి పై గడియ మూలకు ఏటవాలు ఊతం పెట్టి, కీళ్లను స్క్రూలతో బిగించాను. ఊతం దిశ సరైనదే, బరువును అది కింది కీలు మీదికి నెడుతుంది. కానీ రెండు వరుసల పలకల వల్ల తలుపు బరువు పెరిగిందన్న సంగతిని కీళ్ల స్క్రూల లెక్కలో చేర్చలేదు. 2024 అక్టోబరులో పని ముగిసింది. 2025 మార్చిలో చూసేసరికి గడియ వైపు ముప్పాతిక అంగుళం దిగి నేలను రాస్తోంది. ఇనుప చట్రం తెప్పించి, కీళ్లను గుంజకూ చట్రానికీ అడ్డంగా దూరి పోయే బోల్టులతో మళ్లీ కట్టాను. ఇప్పుడు నేను కట్టే రెండు వరుసల కంచె తలుపులన్నీ మొదటి నుంచే ఇనుప చట్రంతో వెళ్తున్నాయి.

రంగు గురించి చెప్పవలసినది తక్కువ. పలకల తల కోతలకు బిగించే ముందే నూనె పట్టించాము, ఎందుకంటే కర్ర నీళ్లు తాగేది ముఖం కంటే కోసిన చివర నుంచే ఎక్కువ. మిగిలిన కంచెకు పలకలు కాస్త ఆరాక, నాలుగో వారంలో, లోపలికి ఇంకే నూనె రంగు వేశాము. ఏడాది ఎండనిచ్చి తరువాత వేద్దామనే మాట తరచు వినిపిస్తుంది. ఎండకు పైపొర పీచు చితికిపోయాక రంగుకు పట్టు దొరకదు.

2025 అక్టోబరులో మళ్లీ వెళ్లాను. గుంజలన్నిటినీ రసమట్టంతో చూస్తే వాయవ్య మూల గుంజ ఒక్కటే పావు అంగుళం వాలింది. అక్కడ ఇంటి చూరు నీళ్లు పడుతున్నాయి, గొట్టాన్ని పక్కకు మళ్లించమని చెప్పాను. పై వరుసలో రెండు పలకలు ముడి దగ్గర చీలాయి, మార్చాము. ఎక్కడా నల్లచార లేదు. స్ప్రింక్లర్ తగిలే చోట కింది పట్టీ నుంచి ఒక మేకును ఇనుప గడ్డపారతో పీకించాను. చాలాసేపు మొరాయించి, చివరికి గాట్ల నిండా పైన్ పీచు పట్టుకుని బయటికి వచ్చింది. తుడిచి చూస్తే నడుము కొత్తగా కొన్ననాడు ఉన్నంత మందంగానే ఉంది. అదే రంధ్రానికి అర అంగుళం పక్కన కొత్త మేకు కొట్టించి, పాత మేకును యజమాని చేతికి ఇచ్చాను.